ఆకు పైకి ముడిచిందా, కిందికి ముడిచిందా? కంప్యూటర్ ఎలా తేలుస్తుంది: ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్ గురించి రైతులకు పరిచయం



ఈమధ్య నాకు ఫోన్ చేసే రైతుల్లో పదిమందిలో ముగ్గురైనా ఒకే మాట అడుగుతున్నారు. "ఏఐ వచ్చిందంట కదండీ, ఆకు ఫోటో తీసి పెడితే తెగులేంటో మందేంటో చెప్పేస్తుందంట. నమ్మొచ్చా?" అని. నమ్మండి అనో, నమ్మకండి అనో ఒక్క ముక్కలో చెప్పడం తేలికే. కానీ లోపల ఏం జరుగుతుందో తెలియకుండా చెప్పే మాటకి విలువ లేదు. వీడియోలో తోటలో నిలబడి ఆకులు చూపించాను గానీ, టైము చాలక వదిలేసిన సంగతులు చాలా ఉన్నాయి. అవి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగు వ్యాసం, ఓపికగా చదవండి.

ముందు నా సొంత దెబ్బ చెప్తాను. రెండేళ్ల కిందట మా ఎకరం మిరపలో చిగుళ్లు ముడుచుకోవడం మొదలైంది. ఫోన్‌లో ఒక యాప్ ఉంది, ఫోటో తీసి పెట్టాను. తామర పురుగు అని చెప్పింది. సరే అని నీలం రంగు జిగురు అట్టలు తెచ్చి కట్టాను, నీమాస్త్రం వారం తేడాతో రెండుసార్లు కొట్టాను. ముడత ఆగలేదు. పదిహేను రోజులు పోయాక మా బాబాయి అటుగా వచ్చి, ఒక చిగురు తుంచి, తిప్పి చూసి, "ఇది తామర పురుగు కాదురా, నల్లి. ఆకు ఎటు ముడిచిందో చూడలేదా?" అన్నాడు. అప్పటికే పూత సగం పోయింది.

"నీకెలా తెలిసింది బాబాయ్?" అనడిగితే, "చూస్తే తెలుస్తుంది" అన్నాడు. అంతే. ఇంకేం చెప్పడు.

ఈ "చూస్తే తెలుస్తుంది" అనే మాట దగ్గరే ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్ కథ మొదలవుతుంది. ఇప్పుడు మనం వింటున్న ఏఐ కంటే యాభై అరవై ఏళ్ల ముందే, నిపుణుడి బుర్రలో ఉన్న ఈ తెలివిని బయటికి తీసి కంప్యూటర్‌లో పెట్టొచ్చా అని కొందరు ప్రయత్నించారు. వాళ్లు తయారు చేసినవే ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్. తెలుగులో నిపుణ వ్యవస్థలు అంటారు గానీ, మనం ఇంగ్లీషు పేరే వాడుకుందాం.

1965లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, నోబెల్ బహుమతి పొందిన జన్యుశాస్త్రవేత్త జాషువా లెడర్‌బర్గ్ కలిసి డెండ్రాల్ అనే పని మొదలుపెట్టారు. ఒక రసాయన పదార్థాన్ని యంత్రంలో పెట్టి ముక్కలు చేస్తే వచ్చే కొలతలు చూసి, ఆ పదార్థం నిర్మాణం ఏమిటో చెప్పడం దాని పని. అనుభవమున్న కెమిస్టులు అడ్డదారిలో ఎలా ఊహిస్తారో ఆ కిటుకులన్నీ రూల్స్‌గా రాసి కంప్యూటర్‌కి ఇచ్చారు. అప్పటిదాకా ఏఐ వాళ్లు, అన్ని సమస్యలకీ పనికొచ్చే ఒకే గొప్ప ఆలోచనా పద్ధతి కోసం వెతుకుతుండేవాళ్లు. ఫైగెన్‌బామ్ వాదన వేరు. తెలివి కంటే విషయం ముఖ్యం, ఒక చిన్న రంగంలో నిండా విషయం తెలిసినవాడే నిపుణుడు అని.

ఇక్కడ మన తెలుగువాళ్లకి ఒక సంబంధం ఉంది. 1994లో కంప్యూటర్ రంగంలో అన్నిటికంటే పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డును ఈ ఫైగెన్‌బామ్‌తో కలిపి రాజ్ రెడ్డి గారికి ఇచ్చారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి గారే ఆయన. మాట విని అర్థం చేసుకునే యంత్రాల మీద కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఆయన బృందం చేసిన పని కూడా ఇదే కాలంలోది.

లోపల ఏముంటుంది?

ఎక్స్‌పర్ట్ సిస్టమ్‌లో ముఖ్యంగా రెండు భాగాలు. ఒకటి నాలెడ్జ్ బేస్, అంటే రూల్స్ పెట్టిన గాదె. రెండోది ఇన్ఫరెన్స్ ఇంజిన్, అంటే ఆ రూల్స్‌ని ఒకదాని తర్వాత ఒకటి నడిపే యంత్రం. ఈ రెండూ వేరువేరుగా ఉంటాయి, ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

రూల్ అంటే పెద్ద లెక్కేం కాదు. "ఇలా ఉంటే, అలా" అనే వాక్యం. మన మిరప ముడతనే తీసుకుందాం.

ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవలాగా ఉండి, ఆకు అడుగున వెండిరంగు చారలు ఉంటే, తామర పురుగు కావచ్చు. దీన్నే మనం పై ముడత అంటాం.

ఆకు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలాగా ఉండి, ఆకు సన్నబడి, కాడ ఎలుక తోకలాగా సాగి ఉంటే, తెల్ల నల్లి కావచ్చు. ఇది కింది ముడత.

ఆకులు చిన్నవైపోయి, కణుపులు దగ్గరదగ్గరగా వచ్చి, మొక్క గుబురుగా గిడసబారి ఉండి, తోటలో తెల్లదోమ తిరుగుతుంటే, ఆకుముడత వైరస్ కావచ్చు. మనవాళ్లు బొబ్బర అనో జెమినీ అనో అంటుంటారు.

మూడూ ముడతలే. దూరం నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. కానీ చెయ్యాల్సిన పని పూర్తిగా వేరు. తామర పురుగుకి నీలం అట్టలు పెడతాం. తెల్లదోమకి పసుపు అట్టలు పెడతాం, చుట్టూ రెండు మూడు వరసలు జొన్నో మొక్కజొన్నో వేస్తాం, వైరస్ సోకిన మొక్కని పీకి తోట బయట పాతేస్తాం, ఎందుకంటే వైరస్ వచ్చిన మొక్కకి మందు లేదు. నల్లికి అట్టలతో పనే లేదు, అది ఎగరదు కదా. రసాయనాలు వాడే రైతుకైతే ఇంకో ప్రమాదం. నల్లి ఉన్నచోట సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కొడితే, నల్లిని తినే మిత్రపురుగులు చచ్చి నల్లి రెట్టింపవుతుంది. అంటే తప్పు గుర్తింపు వల్ల డబ్బు పోవడమే కాదు, జబ్బు పెరుగుతుంది.

రూల్స్ ఉన్నాక వాటిని నడిపే తీరు రెండు రకాలు. మొదటిది, కనిపించినవన్నీ ముందు చెప్పేస్తే, వాటినుంచి ముందుకు పోయి ఏదో ఒక నిర్ణయానికి రావడం. రెండోది వెనక్కి నడవడం. "ఇది నల్లి అనుకుందాం. నల్లి అయితే ఆకు కిందికి ముడవాలి. రైతుని అడుగుదాం, ముడిచిందా? కాడ సాగిందా? భూతద్దం పెట్టి చిగురాకు అడుగున చూశారా?" అని ఒక అనుమానం పెట్టుకుని దానికి సాక్ష్యాలు వెతకడం. మంచి డాక్టర్ ఇలాగే అడుగుతాడు. మా బాబాయి చేసిందీ ఇదే. అందుకే చిగురు తుంచి తిప్పాడు. ఊరికే తిప్పలేదు.

మైసిన్ అనే డాక్టరు

ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్‌లో అన్నిటికంటే పేరు తెచ్చుకున్నది మైసిన్. 1970ల మొదట్లో స్టాన్‌ఫర్డ్‌లోనే ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ తయారు చేశారు. రక్తంలో బ్యాక్టీరియా చేరినప్పుడు, మెదడు పొరలకి ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు, ఏ సూక్ష్మజీవి వల్ల వచ్చిందో, ఏ యాంటీబయాటిక్ ఎంత ఇవ్వాలో చెప్పడం దాని పని. కొన్ని వందల రూల్స్ ఉండేవి. ఉదాహరణకి, సూక్ష్మజీవి గ్రామ్ నెగటివ్ రకమై, కడ్డీ ఆకారంలో ఉండి, గాలి లేకుండా బతికేదైతే, అది బ్యాక్టీరాయిడ్స్ అని 0.6 నమ్మకంతో చెప్పొచ్చు, ఇలా ఉండేవి.

ఈ 0.6 సంగతి బాగుంటుంది, కాస్త ఆగి చూద్దాం. నిపుణుడు ఎప్పుడూ నూటికి నూరు చెప్పడు. "అనుకుంటాను", "ఎక్కువ అదే" అంటాడు. ఆ మాటల్ని కూడా లెక్కలోకి తేవడానికి ప్రతి రూల్‌కీ ఒక నమ్మకం అంకె పెట్టారు. రెండు సాక్ష్యాలు ఒకే వైపు చూపిస్తే నమ్మకం పెరగాలి, కానీ 1 దాటకూడదు. దానికి పద్ధతి ఏంటంటే, మొదటి సాక్ష్యం ఇచ్చిన నమ్మకం పోను మిగిలిన అనుమానంలో రెండోది తన వాటా తగ్గిస్తుంది. ఆకు కిందికి ముడిచింది కాబట్టి నల్లి అని 0.6 నమ్మకం అనుకోండి. మిగిలిన అనుమానం 0.4. కాడ సాగింది కాబట్టి ఇంకో 0.5 నమ్మకం. 0.4లో సగం 0.2. మొత్తం 0.8. భూతద్దంలో నల్లి కదులుతూ కనిపిస్తే ఇంక లెక్కే అక్కర్లేదనుకోండి. ఈ అంకెలు నేను ఉదాహరణకి పెట్టినవి, పద్ధతి మాత్రం మైసిన్‌దే.

మైసిన్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. అది ఏదైనా ప్రశ్న అడిగినప్పుడు డాక్టరు "ఎందుకు?" అని టైప్ చేస్తే, "నేను ఫలానా అనుమానంలో ఉన్నాను, ఫలానా రూల్ ప్రకారం ఈ సంగతి తెలియాలి" అని చెప్పేది. సలహా ఇచ్చాక "ఎలా తేల్చావు?" అంటే, ఏ ఏ రూల్స్ వాడిందో వరసగా చూపించేది. నా ఫోన్‌లోని యాప్‌ని ఆ రోజు ఎందుకు అని అడగడానికి నాకు దారే లేదు. "తామర పురుగు, 91 శాతం" అంది, అంతే.

మైసిన్ ఎంత బాగా పనిచేసిందంటే, 1979లో అచ్చయిన ఒక పరీక్షలో పది మెనింజైటిస్ కేసులు తీసుకుని, మైసిన్ సలహాలు, స్టాన్‌ఫర్డ్ డాక్టర్ల సలహాలు పేర్లు దాచి బయటి నిపుణులకి ఇచ్చారు. మైసిన్ సలహాల్లో 65 శాతం సరైనవే అని తేల్చారు. ఆ రంగం డాక్టర్లకి వచ్చినవి 42.5 నుంచి 62.5 శాతం మధ్య. అయినా మైసిన్‌ని ఆసుపత్రిలో రోజువారీ వాడకానికి ఎప్పుడూ పెట్టలేదు. ప్రశ్నలకి జవాబులు టైప్ చెయ్యడానికి చాలా సేపు పట్టేది, పైగా తప్పు జరిగితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకి జవాబు లేదు. ఆ ప్రశ్నకి ఇప్పటికీ జవాబు లేదు లెండి. నా పూత పోయిందని ఏ యాప్‌నీ అడగలేను కదా.

ముందు చెప్పాను, గాదె వేరు, యంత్రం వేరు అని. మైసిన్ నుంచి జబ్బుల రూల్స్ అన్నీ తీసేసి, ఖాళీ యంత్రాన్ని ఎమైసిన్ అన్నారు. దాంట్లో ఊపిరితిత్తుల రూల్స్ పోస్తే పఫ్ అనే కొత్త సిస్టమ్ తయారైంది. మోటారు అదే, బావి మారిందన్నమాట. ఇది మనకెందుకు ముఖ్యమో చివర్లో చెప్తాను.

పొలంలోకి ఎప్పుడొచ్చింది?

తొందరగానే వచ్చింది. 1970ల చివర్లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో రిషార్డ్ మిహాల్‌స్కీ, ఛిలౌస్కీ అనే ఇద్దరు సోయాబీన్ తెగుళ్ల మీద పనిచేశారు. 1980లో అచ్చు వేసిన వాళ్ల ప్రయోగం చాలా చిత్రమైనది. పదిహేను తెగుళ్లు తీసుకున్నారు. ప్రతి మొక్కకీ ముప్పై ఐదు లక్షణాలు రాసుకున్నారు: నెల, వాన, వేడి, ఆకు మచ్చల అంచు, కాండం రంగు, వేరు స్థితి, అన్నీ.

తర్వాత రెండు దారుల్లో రూల్స్ తయారు చేశారు. మొదటి దారి, మొక్కల తెగుళ్ల నిపుణుడిని కూర్చోబెట్టి గంటలకొద్దీ అడిగి రూల్స్ రాసుకోవడం. రెండో దారి, ఆ నిపుణుడు ఏ మొక్కకి ఏ తెగులో పేరు పెట్టిన ఉదాహరణలు కంప్యూటర్‌కి ఇచ్చి, రూల్స్ దాన్నే కనిపెట్టమనడం. ఆపైన రెండు రకాల రూల్స్‌నీ కొత్త మొక్కల మీద పరీక్షించారు. నిపుణుడు చెప్పిన రూల్స్ 71.8 శాతం సరిగ్గా చెప్పాయి. ఉదాహరణల నుంచి కంప్యూటర్ తీసిన రూల్స్ 97.6 శాతం.

దీన్ని చూసి చాలామంది నిపుణుడి కంటే కంప్యూటర్ గొప్పది అంటుంటారు. నాకలా అనిపించదు. ఆ ఉదాహరణలకి పేర్లు పెట్టిందీ నిపుణులే. అంటే నిపుణుడి కన్ను సరిగ్గానే చూస్తుంది. ఆ చూపుని మాటల్లో పెట్టమంటేనే తడబడతాడు. మా బాబాయి "చూస్తే తెలుస్తుంది" అన్నది ఇదే. చెప్పడం ఇష్టం లేక కాదు, ఏం చూస్తున్నాడో ఆయనకే మాటల్లో తెలీదు. ఈ ఇబ్బందికి ఫైగెన్‌బామ్ ఒక పేరు కూడా పెట్టారు, సీసా మెడ అని. సీసా నిండా తేనె ఉన్నా మెడ సన్నగా ఉంటే చుక్కచుక్కగానే వస్తుంది కదా, అలాగ.

ఆ తర్వాత పత్తికి ఒకటి వచ్చింది, కోమాక్స్ అని. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు తయారు చేశారు, 1986లో సైన్స్ పత్రికలో వచ్చింది. గాసిమ్ అనే ఇంకో ప్రోగ్రాం పత్తి మొక్క రోజురోజుకీ ఎలా పెరుగుతుందో లెక్కలో పెంచి చూపిస్తుంది. కోమాక్స్ దాన్ని వాతావరణం వివరాలతో నడిపి, నీరు ఎప్పుడు పెట్టాలి, నత్రజని ఎప్పుడు ఎంత వెయ్యాలి, ఆకులు రాల్చే మందు ఎప్పుడు కొట్టాలి చెప్పేది. ఆకులు రాల్చే మందు ఏంటి అనుకుంటారేమో, అక్కడ పత్తి మిషన్‌తో తీస్తారు కాబట్టి ముందు ఆకులన్నీ రాల్చేస్తారు. ఈజిప్టులో అయితే 1990ల మొదట్లో వ్యవసాయ ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్ కోసమే ఒక కేంద్ర ప్రయోగశాల పెట్టుకుని, ప్లాస్టిక్ గుడారాల కింద పెంచే దోసకి ఒకటి, నిమ్మజాతి తోటలకి ఒకటి తయారు చేసుకున్నారు.

మన హైదరాబాద్‌లో రాజేంద్రనగర్‌లో ఉన్న మేనేజ్ సంస్థ వరికి రైస్ క్రాప్ డాక్టర్ అని తయారు చేసింది. లక్షణాలు ఒక్కొక్కటీ అడుగుతూ పురుగో తెగులో తేల్చే పద్ధతే అదీ.

2004లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు ఇంకో దారి పట్టారు. ఈ-సాగు అని. వరంగల్ జిల్లా ఊరుగొండ చుట్టుపక్కల వెయ్యి పైచిలుకు పత్తి పొలాలు తీసుకున్నారు. ఊళ్లోనే ఉండే కోఆర్డినేటర్లు పొలానికి వెళ్లి ఫోటోలు తీసి పంపితే, హైదరాబాద్‌లో కూర్చున్న వ్యవసాయ నిపుణులు ఒక్కో పొలానికీ విడిగా సలహా రాసి పంపేవాళ్లు. రైతు అడిగే దాకా ఆగకుండా వాళ్లే చూసి చెప్పేవాళ్లు. అంటే నిపుణుడిని కంప్యూటర్‌లో పెట్టకుండా, పొలాన్ని నిపుణుడి దగ్గరికి తీసుకెళ్లారు. సీసా మెడ సమస్యని వాళ్లు అలా పక్కనుంచి దాటారు.

ఎక్కడ బోర్లా పడుతుంది?

1980లలో కంపెనీలు వీటి వెంట పడ్డాయి. డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ కంపెనీ, ఆర్డరొచ్చిన ప్రతి కంప్యూటర్‌కీ ఏ భాగాలు కావాలో లెక్కకట్టడానికి ఎక్స్‌కాన్ అనేది వాడింది, బాగా లాభపడింది. కానీ కొత్త భాగం వచ్చినప్పుడల్లా రూల్స్ మార్చాలి. రూల్స్ వేలల్లోకి పోయాక ఒకటి మారిస్తే ఇంకెక్కడో తేడా కొట్టేది. 1980ల చివరికి మోజు తగ్గింది, పెట్టుబడులు ఆగిపోయాయి.

మనకి అర్థమయ్యే ఉదాహరణ 2021. ఆ సంవత్సరం గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు మిరప వేసినవాళ్లు మర్చిపోలేరు. నల్ల తామర పురుగు వచ్చింది. అంతకుముందు మనకి తెలిసిన తామర పురుగు ఆకుల మీద ఎక్కువ ఉండేది. ఇది పూతలో గుంపులుగా దూరింది. పూలు ఎండి రాలిపోయాయి. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు, తోటలు దున్నేసినవాళ్లున్నారు.

అంతకుముందు తయారైన మిరప ఎక్స్‌పర్ట్ సిస్టమ్ ఒకటి అప్పుడు మీ చేతిలో ఉందనుకోండి. దాని రూల్స్‌లో "పూవు తుంచి దులిపి చూడండి" అనే ప్రశ్న ఉండదు. ఎందుకంటే రాసినప్పుడు ఆ అవసరం లేదు. అది ఆకు గురించే అడుగుతుంది. తెలియదు అని కూడా చెప్పదు. తనకి తెలిసిన మూడు ముడతల్లో దేనికి దగ్గరగా ఉంటే దాని పేరు చెప్పేస్తుంది. మనిషికి ఆ ఊహ ఉంటుంది, "ఇదేదో కొత్తగా ఉందే" అని ఆగుతాడు. యంత్రానికి ఆ ఆగడం ఎవరైనా రూల్‌గా రాస్తేనే వస్తుంది.

ఫోటో చూసి చెప్పే ఇప్పటి యాప్‌లు ఇంతకంటే నయమా అంటే, కొంత నయం, కొంత కాదు. వీటిలో రూల్స్ ఎవరూ రాయరు. వేల ఫోటోలు చూపిస్తే యంత్రమే నేర్చుకుంటుంది, సోయాబీన్ ప్రయోగంలో రెండో దారి లాంటిదే, చాలా పెద్ద ఎత్తున. 2016లో ప్లాంట్‌విలేజ్ ఫోటోలతో చేసిన పరిశోధన బాగా పేరుపొందింది. 54,306 ఆకుల ఫోటోలు. ఆ గుట్టలోంచే పక్కన పెట్టిన ఫోటోల మీద పరీక్షిస్తే 99.35 శాతం సరిగ్గా చెప్పింది. అదే యంత్రానికి వేరేచోట, వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇస్తే 31 శాతం దగ్గరికి పడిపోయింది. ఈ సంగతి ఆ పరిశోధకులే దాచకుండా రాశారు. ఆ ఫోటోలన్నీ ఆకుని తుంచి ఒకే రంగు నేపథ్యం మీద పెట్టి తీసినవి. మన పొలంలో మట్టి, కలుపు, ఎండ, నీడ, పక్క మొక్క, మన వేలు, అన్నీ ఉంటాయి.

పైగా ఫోటో ఆకు పైభాగం చూస్తుంది. నా ఫోటో కూడా అంతే. ఆకు అడుగు చూపించమని అది అడగలేదు, నేను చూపించలేదు. పాతకాలం ఎక్స్‌పర్ట్ సిస్టమ్ అయితే కనీసం "ఆకు ఎటు ముడిచింది?" అని అడిగి ఉండేది.

అడగని ప్రశ్నలు

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు ముఖ్యంగా చూడాల్సింది ఇక్కడే. గాదెలో ఎవరి గింజలు పోశారో యంత్రం అవే బయటికి తీస్తుంది. రూల్స్ చెప్పిన నిపుణుడు జీవితమంతా రసాయన మందుల మీద పనిచేసినవాడైతే, ప్రతి రూల్ చివర ఒక డబ్బా పేరు ఉంటుంది. అది మనం ఎలాగూ గుర్తుపడతాం, వదిలేస్తాం. గుర్తుపట్టలేనిది మధ్యలో ఉండేది, అంటే అడగని ప్రశ్నలు.

దోమ ఉందా అని అడుగుతుంది. సాలీళ్లు ఎన్ని ఉన్నాయి, అక్షింతల పురుగులు ఎన్ని ఉన్నాయి అని అడుగుతుందా? రాజేంద్రనగర్‌లోనే ఉన్న జాతీయ మొక్కల ఆరోగ్య సంస్థ వాళ్లు నేర్పే పొలం పరిశీలన పద్ధతిలో, రెండు శత్రుపురుగులకి ఒక మిత్రపురుగు ఉంటే సాధారణంగా మందు అవసరం లేదని ఒక లెక్క ఉంది. ఇది అచ్చంగా ఎక్స్‌పర్ట్ సిస్టమ్‌లో పెట్టదగ్గ రూల్. కానీ ఆ ప్రశ్న లేని సిస్టమ్‌కి మీ పొలంలో సాలీళ్లు లేనట్టే లెక్క. ఆచ్ఛాదన వేశారా, పక్కన ఏ పంట ఉంది, బంతి పెట్టారా, జీవామృతం ఎన్నిసార్లు పారించారు, ఏదీ అడగదు. అడగకపోతే ఆ సలహాలో వాటికి విలువ సున్నా.

అయితే గాదె వేరు, యంత్రం వేరు అని చెప్పుకున్నాం కదా. తెగులు గుర్తించే రూల్స్ వరకు అందరికీ ఒకటే, నల్లి నల్లే. ఆ తర్వాత చెయ్యాల్సిన పని చెప్పే రూల్స్ మాత్రం మనవి మనం రాసుకోవాలి. దీనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు, ఒక నోటుపుస్తకం చాలు.

నేను అదే మొదలుపెట్టాను. పోయిన ఏడాది నుంచి ఆదివారాలు బాబాయి వెంట తిరుగుతున్నాను. "ఎలా తెలిసింది?" అని అడగడం మానేశాను, ఆ ప్రశ్నకి జవాబు రాదని తెలిసిపోయింది. దాని బదులు రెండు మొక్కలు పక్కపక్కన పెట్టి, "ఈ రెండిట్లో తేడా ఏంటి బాబాయ్?" అంటాను. అప్పుడు మాట్లాడతాడు. ఒకసారి ఆకులు పైకి ముడిచిన మొక్క చూపించి తామర పురుగు కదా అన్నాను. "మధ్యాహ్నం చూసి చెప్పకు, ఎండకి కూడా ముడుస్తుంది. పొద్దున్నే చూడు" అన్నాడు. ఈ మాట నేనే పుస్తకంలోనూ చదవలేదు. యాప్‌కి ఫోటో తీసింది మధ్యాహ్నమా పొద్దున్నా అని నేనెప్పుడూ ఆలోచించలేదు.

రాసే పద్ధతి ఇది. ఎడమవైపు "ఇలా ఉంటే" అని కనిపించేవి, ఒక్కటి కాదు, కనీసం రెండు మూడు. కుడివైపు "అయితే ఇది". దాని కింద ఎంత నమ్మకం, పదికి ఎంత అని బాబాయినే అడుగుతాను. "ఎనిమిదణాలు అనుకో" అంటాడు, అంటే పదికి ఐదు. దాని కింద ఎప్పుడు ఈ రూల్ తప్పుతుంది అని ఒక వరస. ఈ చివరి వరస మర్చిపోవద్దు, చాలా రూల్స్‌లో అసలు విషయం అక్కడే ఉంది. తర్వాత మనం చేసింది, పది రోజుల తర్వాత ఏమైంది, తేదీతో. ఉదాహరణకి మా నల్లి రూల్ కింద ఇలా ఉంది: "పుల్ల మజ్జిగ కొట్టాం, తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. నీళ్లలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు, సాయంత్రం, ఆకు అడుగు తడిసేలా కొట్టాం, ఆగింది. ఎండ ఎక్కువున్నప్పుడు కొట్టకూడదు, ఆకు మాడుతుంది." గంధకం ప్రకృతి వ్యవసాయమా కాదా అని మనలో మనకి వాదన ఉంది, సేంద్రియ సర్టిఫికేషన్‌లో మాత్రం ఒప్పుకుంటారు. వద్దనుకునేవాళ్లు మొదటి రెండు ఆకుల దశలోనే మజ్జిగ మొదలుపెట్టి చూడండి, ఏమైందో రాసుకోండి.

ఇప్పటికి మా పుస్తకంలో ముప్పై ఎనిమిది రూల్స్ అయ్యాయి. వాటిల్లో తొమ్మిది కొట్టేశాం, పొలంలో నిలబడలేదు. ఒకటి మాత్రం ఎంత ప్రయత్నించినా రాయలేకపోతున్నాను. తోటలోకి అడుగుపెట్టగానే, ఏ మొక్కనీ ముట్టుకోకుండా, "ఈ మూల ఏదో తేడాగా ఉంది" అంటాడు. నాలుగుసార్లు అన్నాడు, మూడుసార్లు నిజమే అయింది. రంగా, వాసనా, ఆకుల ఊపా అని అడిగాను. "ఏమోరా" అన్నాడు. ఆ పేజీలో ప్రస్తుతానికి తేదీలు మాత్రం రాసి ఉంచాను. వచ్చే ఆదివారం పత్తి చేనుకి వెళ్తున్నాం, ఈసారి కెమెరా కూడా తీసుకెళ్తాను.